మారుమనస్సు ఎవరిది? వెల్లంపల్లి నుంచి బార్డోలీ దాకా

ఆధునిక భారత చరిత్రలో మతమార్పిడుల గురించి ప్రశ్న వస్తే మనలో చాలామంది రెండు రకాల జవాబుల్లో ఒకటి రాసేస్తాం. ఒకటి, 'మిషనరీలు కరువు సమయంలో అన్నం ఆశ చూపి మతం మార్చారు' అని. రెండు, 'కుల అణచివేత తట్టుకోలేక దళితులు క్రైస్తవంలోకి వెళ్ళారు' అని. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ క్రైస్తవం తన కేంద్రంలో పెట్టుకున్న రెండు భావాలు, అంటే పశ్చాత్తాపం, రక్షణ, ఈ రెండు జవాబుల్లోనూ కనిపించవు. మారినవాళ్ళు దేనికి పశ్చాత్తాపపడ్డారు? ఏ రక్షణ కోరుకున్నారు? ఈ ప్రశ్న వేసుకుంటే ఒంగోలు చరిత్ర, గాంధీ నిరాహార దీక్షలు, రాజ్యాంగంలోని 25వ అధికరణ ఒకే దారంలోకి వస్తాయి. ఈ వ్యాసంలో ఆ దారం పట్టుకుందాం.

ముందుగా మాటల అర్థం

కొత్త నిబంధన రాసిన గ్రీకు భాషలో పశ్చాత్తాపానికి వాడిన మాట 'మెటనోయా'. దాని అర్థం మనసు మారడం. దాని వెనక ఉన్న హీబ్రూ భావన 'షూవ్', అంటే వెనక్కి తిరగడం, వచ్చిన దారి వదిలి ఇంటి దారి పట్టడం. తెలుగు బైబిలు దీనికి 'మారుమనస్సు' అనే మాటను స్థిరపరిచింది. మన 'పశ్చాత్తాపం'లో చేసిన తప్పుకు తరవాత కలిగే తాపం, బాధ ఉంది. 'ప్రాయశ్చిత్తం'లో ఆ తప్పు పోగొట్టుకోవడానికి చేసే క్రియ ఉంది. 'మారుమనస్సు'లో బాధ, క్రియ కాక మనిషి మళ్ళిన దిశ ముఖ్యం. అలాగే 'మోక్షం' అంటే జనన మరణ చక్రం నుంచి విడుదల. 'రక్షణ' అంటే పాపం నుంచి, దాని ఫలితం నుంచి దేవుడు కాపాడటం. ఈ తేడాలు తెలిస్తే ఎస్సే పేపర్‌లో ఒక పేరా బలంగా నిలబడుతుంది.

ఐరోపా చరిత్రలో ఈ మాట మీదే పెద్ద తగాదా నడిచింది. లాటిన్ బైబిలు మెటనోయాను 'ప్రాయశ్చిత్తం చేయండి' అనే అర్థం వచ్చేలా అనువదించింది. మధ్యయుగ చర్చిలో గురువు దగ్గర పాపసంకీర్తనం చేయడం, ఆయన విధించిన ప్రాయశ్చిత్తం పూర్తి చేయడం అనే వ్యవస్థ బలపడింది. పాపపరిహార పత్రాల అమ్మకం దాని చివరి వికృతి. 1516లో ఎరాస్మస్ గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేయించాడు. 1517లో మార్టిన్ లూథర్ తన 95 సిద్ధాంతాలను పశ్చాత్తాపం గురించిన వాక్యంతోనే మొదలుపెట్టాడు. పశ్చాత్తాపం ఒక్కరోజు తంతు కాదనీ, విశ్వాసి జీవితమంతా సాగేదనీ ఆయన వాదన. దానికి జవాబుగా కాథలిక్ చర్చి ట్రెంట్ మహాసభ (1545-63)లో పాపసంకీర్తన సంస్కారాన్ని మళ్ళీ స్థిరపరిచింది. ప్రొటెస్టెంట్లలో బాప్టిస్టులు ఇంకో అడుగు ముందుకు వెళ్ళారు. పసిపిల్లలకు బాప్తిస్మం చెల్లదనీ, మనిషి తనంతట తాను పాపం ఒప్పుకుని నమ్మిన తరవాతే నీళ్ళలో ముంచాలనీ వాళ్ళ నియమం. ఈ నియమాన్ని గుర్తుపెట్టుకోండి. ఒంగోలులో దీనికే పరీక్ష ఎదురైంది.

రెండు రేవులు, ఒకే పద్ధతి

లండన్ మిషనరీ సొసైటీ 1805లో విశాఖపట్నంలో అడుగుపెట్టింది. జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అక్కడ తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదం మొదలుపెట్టారు. ఎడ్వర్డ్ ప్రిచెట్ అనువదించిన తెలుగు కొత్త నిబంధన 1818లో వచ్చింది. అదే సొసైటీ 1815లో సూరత్‌కు జేమ్స్ స్కిన్నర్, విలియం ఫైవీలను పంపింది. ఈ రెండు తేదీల మధ్య 1813 చార్టర్ చట్టం ఉంది. మిషనరీలు కంపెనీ రాజ్యంలోకి రావడానికి ఆ చట్టం దారి తెరిచింది. సూరత్‌లో వాళ్ళు అచ్చుయంత్రం పెట్టి 1820ల మొదట్లో గుజరాతీ బైబిలు అచ్చువేశారు. 1840ల రెండో సగంలో ఆ పనిని ఐరిష్ ప్రెస్బిటేరియన్లు అందుకున్నారు.

రెండు రేవుల్లోనూ పద్ధతి ఒకటే. భాష నేర్చుకోవాలి, పుస్తకం అచ్చువేయాలి, బడి పెట్టాలి, చదువుకున్న ఒక్కొక్క మనిషి మనసు మారే దాకా ఎదురుచూడాలి. ఫలితం కూడా ఒకటే. పుస్తకాలు మిగిలాయి, మారినవాళ్ళు చాలా కొద్దిమంది. ఎందుకంటే ఆ పద్ధతి మనిషిని ఒంటరి వ్యక్తిగా చూసింది. ఇక్కడ మనిషి కులంలో, ఊళ్ళో, బంధువర్గంలో ఒక ముడి. ఒక్కడు మారితే పెళ్ళి సంబంధం, నీటి బావి, చావు మోయడానికి నలుగురు, అన్నీ ఒక్కసారే పోతాయి.

ఒంగోలు: పేరయ్య దారి

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్‌కు శామ్యూల్ డే పునాది వేశాడు. 1840లో ఆయన నెల్లూరు చేరాడు. పదమూడేళ్ళ తరవాత కూడా ఫలితం లేదని 1853లో అమెరికాలో ఆ మిషన్‌ను మూసేయాలనే చర్చ జరిగింది. మిషన్ల పటంలో బర్మా చుట్టూ నక్షత్రాల గుంపు ఉంటే, తెలుగు నేల మీద ఒక్కటే ఉండటంతో దానికి 'ఒంటరి నక్షత్రం' అని పేరు పడింది. మిషన్ మిగిలింది. 1866లో జాన్ ఎవెరెట్ క్లౌ ఒంగోలు వచ్చాడు.

ఆ ఏడాదే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోలు వ్యాపారి బాప్తిస్మం తీసుకున్నాడు. ఇక్కడ ఒక విషయం మన పాఠ్యపుస్తకాల్లో దొరకదు. పేరయ్య అప్పటికే రాజయోగ గురువుల దగ్గర సాధన నేర్చినవాడు, తనకంటూ శిష్యులున్నవాడు. అంటే విముక్తి కోసం వెతుకులాట మాదిగపల్లెలోకి అమెరికా నుంచి రాలేదు. అది అక్కడే ఉంది. గుడి గడప దాటనివ్వని సమాజంలో యోగి దగ్గర మాత్రం కులం అడ్డురాలేదు. కాబట్టే పేరయ్యకు కొత్త బోధ వినగానే పాత ప్రశ్నకు జవాబు దొరికినట్టయింది. ఆయన తన బంధువర్గం ఉన్న పల్లెపల్లెకూ నడిచి చెప్పాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. దాన్ని పెంచినవాళ్ళలో క్లౌ కంటే ముందు చెప్పుకోవలసింది పేరయ్య లాంటి స్థానిక బోధకులనే.

క్లౌ బడిలో మొదట పైకులాల పిల్లలు చేరారు. మాదిగలు సంఘంలోకి రావడం మొదలుకాగానే ఆ పిల్లలు బడి మానేశారు. క్లౌకు ఎంచుకోక తప్పలేదు. ఆయన మాదిగల వైపు నిలబడ్డాడు.

మారుమనస్సుకు మూడు గుర్తులు

చదువు రాని మనిషి మనసు మారిందని బోధకుడికి ఎలా తెలియాలి? ఒంగోలు మిషన్ మూడు సులువైన గుర్తులు పెట్టుకుంది. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలను పూజించకూడదు. చూడటానికి ఇవి మతనియమాల్లా ఉన్నాయి. ఊరి ఆర్థిక వ్యవస్థలో పెట్టి చూడండి.

మాదిగ కుటుంబం ఊరి రైతులకు చెప్పులు, మోట తిత్తులు, పలుపులు ఇచ్చేది. చచ్చిన పశువును మోసుకుపోయి తోలు తీసేది. జాతర్లలో, చావుల్లో డప్పు కొట్టేది. పిలిస్తే వెట్టికి వెళ్ళేది. బదులుగా కళ్ళంలో మేర దక్కేది. ఇప్పుడు ఆదివారం పనికి రానంటే, వెట్టి మనిషి తన కాలం మీద తనకు హక్కు ఉందన్నట్టే. చచ్చిన గొడ్డు మాంసం తిననంటే, అంటరానితనానికి చూపించే కారణాన్ని తీసేసినట్టే. గ్రామదేవత పూజలో డప్పు కొట్టనంటే, ఊరి ఉత్సవం ఆగిపోయినట్టే. అందుకే ఊరి పెద్దలు మండిపడ్డారు. బావులు మూశారు, కూలి ఆపారు, కేసులు పెట్టారు.

అంటే బోధకుడు 'పాపం విడిచిపెట్టు' అన్నాడు. విన్నవాడు దాన్ని 'బానిసత్వం విడిచిపెట్టు' అని విన్నాడు. ఇద్దరూ ఒకే మాట వాడారు, అర్థం మాత్రం రెండుగా చీలింది. దళితుల మతమార్పిడి చరిత్రను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి తాళంచెవి లేదు.

కరువు, కాలువ, 2,222 మంది

1876-78 మహాకరువు మద్రాసు ప్రెసిడెన్సీని తుడిచిపెట్టింది. బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే సుమారు 55 లక్షల మంది చనిపోయారని సాధారణంగా చెప్పే అంచనా. 1877 జనవరి 1న లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరిపాడు. అదే నెలలో రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించాడు. 'టెంపుల్ వేజ్' అనే పేరు ప్రిలిమ్స్‌కు గుర్తుంచుకోండి. 1880 స్ట్రాచీ కమిషన్, తరవాత వచ్చిన కరువు కోడ్ ఈ విషాదం ఫలితాలే.

కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్వకం జరుగుతుంటే, క్లౌ మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మామూలు పని శిబిరాల్లో పైకులాల మేస్త్రీలు మాదిగలను కూలి దగ్గర సతాయించేవాళ్ళు. క్లౌ శిబిరంలో మేస్త్రీలు బోధకులే. వేలమంది వచ్చారు, పగలు మట్టి మోశారు, విరామంలో బోధ విన్నారు.

ఇక్కడే అసలు ప్రశ్న లేచింది. ఆకలితో ఉన్నవాడు 'నేను మారాను' అంటే నమ్మాలా? క్లౌ దీనికి ఇచ్చిన జవాబు, బాప్తిస్మాలు ఆపేయడం. సుమారు 15 నెలలు ఒంగోలు మిషన్ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు పని ముగిసింది, పంచడానికి సాయం మిగల్లేదు. అప్పుడు 1878 జూన్‌లో జనం వచ్చి పడ్డారు. తన దగ్గర ఇక ఇవ్వడానికేమీ లేదని తాను చెప్పాననీ, వాళ్ళు సాయం అడగలేదనీ, కాలువ తవ్విన చేతుల బొబ్బలే తమకు సాక్ష్యమన్నారనీ క్లౌ తరవాత రాసుకున్నాడు. 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా దిగి ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఏడాది చివరికి ఆ సంఖ్య 9,606కు చేరింది.

ఆధారాన్ని తూకం వేయడం చరిత్ర విద్యార్థి పని. బొబ్బల మాట చెప్పింది మిషనరీ. ఆయనకు తన సంఘం ముందు, విరాళాలిచ్చే అమెరికా చర్చిల ముందు ఈ మార్పిడులు నిజమైనవని నిరూపించాల్సిన అవసరం ఉంది. మారినవాళ్ళలో చాలామందికి చదువు రాదు కాబట్టి వాళ్ళ మాట మనకు మిషన్ కాగితాల ద్వారానే చేరింది. ఇంకోవైపు, బాప్తిస్మాలు ఆపిన తేదీలు, మళ్ళీ మొదలైన తేదీలు 'అన్నం కోసమే మారారు' అనే వాదనను బలహీనపరుస్తాయి. అన్నం ఉన్న రోజుల్లో బాప్తిస్మం లేదు, బాప్తిస్మం ఇచ్చిన రోజుల్లో అన్నం లేదు. అయినా కరువు కారణం కాదని అనలేం. ఊరు తమను చావుకు వదిలేసిందని, ఎవరో ఒకరు పేరుపెట్టి పిలిచారని ఆ రెండేళ్ళలో మాదిగపల్లె చూసింది. ఆకలి తీరాక కూడా ఆ జ్ఞాపకం పోదు. మంచి జవాబులో ఈ రెండు వైపులూ రావాలి.

బాప్టిస్టు నియమానికి ఎదురైన పరీక్ష కూడా ఇదే. పశ్చాత్తాపం వ్యక్తిగతమైతే, పల్లె మొత్తం ఒకేరోజు ఎలా పశ్చాత్తాపపడుతుంది? విమర్శకులు ఇదే అడిగారు. 1930ల్లో వాస్కమ్ పికెట్ సామూహిక ఉద్యమాలను పరిశీలించి, భారత సమాజంలో నిర్ణయం బంధువర్గం కూడి తీసుకునేదేననీ, అందువల్ల అది అబద్ధం అయిపోదనీ వాదించాడు. కానీ మరో నిజం కూడా ఉంది. గుంపుగా వచ్చినవాళ్ళు గుంపుగానే ఉండిపోయారు. ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువ కావడంతో చర్చి పేరే కులం పేరులా మారింది. కులాన్ని విడిచిపెట్టడం మారుమనస్సు గుర్తుల జాబితాలో అంత స్పష్టంగా చేరలేదు.

బార్డోలీ: ప్రశ్న ఎదురు తిరిగింది

ఈ వ్యాసం రాస్తున్న కడోదరా, సూరత్ నుంచి బార్డోలీ వెళ్ళే దారిలో ఉంది. మగ్గాల మీద బతకడానికి తెలంగాణ నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న ప్రాంతం ఇది. బార్డోలీ అనగానే మనకు 1928 సత్యాగ్రహం, పటేల్ గుర్తొస్తారు. అంతకుముందు 1922 ఫిబ్రవరిలో జరిగింది కూడా గుర్తుండాలి. చౌరీచౌరా హింస తరవాత గాంధీ బార్డోలీలో ఐదు రోజులు ఉపవాసం ఉన్నాడు. అక్కడే వర్కింగ్ కమిటీ ఉద్యమాన్ని నిలిపేసింది. తాను చేయని హింసకు తాను ప్రాయశ్చిత్తం చేసుకోవడం మన రాజకీయాల్లో కొత్త భాష.

రాజ్‌కోట్‌లో తన చిన్నతనంలో, బడి దగ్గర మూల మీద నిలబడి హిందూ దేవతలను తిట్టే బోధకులను చూసి క్రైస్తవం మీద అయిష్టం కలిగిందని గాంధీ ఆత్మకథలో రాసుకున్నాడు. అయితే పశ్చాత్తాపం అనే భావాన్ని ఆయన వదల్లేదు, దాని దిశ మార్చాడు. మిషనరీ అంటరానివాడిని మారుమనస్సు పొందమన్నాడు. గాంధీ అంటరానితనం పాటించేవాడిని పశ్చాత్తాపపడమన్నాడు. 1933 మేలో 21 రోజుల ఉపవాసం ఆత్మశుద్ధి కోసమేనన్నాడు. 1934 జనవరి బిహార్ భూకంపం అంటరానితన పాపానికి శిక్ష అని కూడా అన్నాడు. ప్రకృతి వైపరీత్యానికి నీతి అంటగట్టడం తగదని టాగోర్ ఖండించాడు. ఈ వాదం జీఎస్-4లో కూడా పనికొస్తుంది.

అంబేడ్కర్ ప్రశ్న ఇంకా పదునైనది. పైవాడు పశ్చాత్తాపపడే దాకా కిందవాడు ఎందుకు ఆగాలి? మనసు మారడం పైవాడి ఇష్టం. హక్కు అలా కాదు. 1935లో యేవలాలో తాను హిందువుగా చనిపోనని ప్రకటించి, 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో లక్షలాది మందితో బౌద్ధం స్వీకరించాడు. ఆయన ఎంచుకున్న మతంలో సృష్టికర్త ముందు పాపి అనే భావన లేదు. వెల్లంపల్లి, నాగ్‌పూర్ రెండూ సామూహిక మార్పిడులే. ఒకదానిలో పాప క్షమాపణ, ఇంకోదానిలో ఆత్మగౌరవ ప్రతిజ్ఞ కేంద్రంలో ఉన్నాయి. గుండ్లకమ్మలో దిగినవాళ్ళు కూడా మొదటిదానిలో రెండోదాన్నే వెతికారని ముందే చూశాం.

రాజ్యం మనసును కొలవగలదా?

1948 డిసెంబర్ 6న రాజ్యాంగ సభ మతాన్ని 'ప్రచారం' చేసే హక్కు మీద చర్చించింది. లోకనాథ్ మిశ్రా వద్దన్నారు. టి.టి. కృష్ణమాచారి, కె.ఎం. మున్షీ సమర్థించారు. ఆ మాట 25వ అధికరణలో నిలిచింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం చేసే హక్కులో ఇతరుల మతం మార్చే హక్కు లేదని, బలవంతం, మోసం, ప్రలోభాలను నిషేధించే ఒడిశా, మధ్యప్రదేశ్ చట్టాలు చెల్లుతాయని చెప్పింది. గుజరాత్ 2003లో మత స్వేచ్ఛ చట్టం తెచ్చింది. మార్పిడి జరిపే గురువు జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి తీసుకోవాలి. 2021లో దాన్ని వివాహాలకూ విస్తరించారు. కొన్ని సెక్షన్ల అమలు మీద గుజరాత్ హైకోర్టు అదే ఏడాది ఆగస్టులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

ఇక్కడ క్లౌ సమస్యే మళ్ళీ వస్తుంది. ఆకలిగొన్నవాడికి పని ఇవ్వడం ప్రలోభమా? బడి పెట్టడం ప్రలోభమా? పరలోకం దొరుకుతుందని చెప్పడం ప్రలోభమా? క్లౌ 15 నెలలు ఆగి తన మనస్సాక్షికి జవాబు చెప్పుకున్నాడు. ఇప్పుడు జిల్లా మేజిస్ట్రేట్ ఫైలు మీద సంతకం పెట్టి జవాబు చెప్పాలి. రేపు ఆ కుర్చీలో కూర్చునేది ఈ వ్యాసం చదువుతున్న మీలో ఒకరు కావచ్చు.

రెండో చిక్కు రిజర్వేషన్‌ది. 1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులతో మొదలై 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులకు, ముస్లింలకు విస్తరించలేదు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డ్ కులాలవారు 1 శాతం కోటా ఉన్న బీసీ-సి కిందికి వస్తారు. 1985 సూసై కేసులో సుప్రీంకోర్టు, మతం మారాక కూడా అదే తీవ్రతతో కులవివక్ష కొనసాగుతోందని ఆధారాలతో చూపాలంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో సంబంధం లేకుండా ఎస్సీ హోదా ఇవ్వాలని సిఫార్సు చేసింది. 2022లో కేంద్రం కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు, నిజమైన విశ్వాసం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం మారినట్టు చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది.

దీని భారం ఎవరి మీద పడుతుందో చూడండి. ఆదివారం ఒక పేరుతో ప్రార్థన చేసి, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు రాసుకునే కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. నిజం చెప్పడమే పశ్చాత్తాపానికి మొదటి మెట్టని ఆ మతం చెబుతుంది. ఆ నిజం చెబితే పిల్లవాడి సీటు పోతుందని చట్టం చెబుతుంది. ఊళ్ళో మాత్రం బాప్తిస్మం ఎవరి కులాన్నీ చెరపలేదు. ఈ చిక్కును 'అవకాశవాదం' అని ఒక్క మాటతో కొట్టిపారేసే జవాబు పరీక్షలోనూ నిలవదు, న్యాయంలోనూ నిలవదు.

జవాబు ఎలా కట్టాలి

పరిచయంలో పశ్చాత్తాపం, ప్రాయశ్చిత్తం, మారుమనస్సు తేడా రెండు వాక్యాల్లో చెప్పండి. తరవాత వెల్లంపల్లి ఉదాహరణతో ఆర్థిక, సామాజిక, ఆధ్యాత్మిక కారణాలు మూడింటినీ కలిపి చూపండి. వ్యక్తి నిర్ణయం, సమూహ నిర్ణయం అనే వాదాన్ని ఒక పేరాలో పెట్టండి. గాంధీ, అంబేడ్కర్ దృక్పథాలు పోల్చండి. 25వ అధికరణ, స్టానిస్లాస్, 1950 ఉత్తర్వుతో వర్తమానానికి తీసుకురండి. ముగింపులో ఒక మాట మరవకండి. ఒంగోలు పల్లెల్లో మనసు మార్చుకున్నవాళ్ళు కనిపిస్తారు, తేదీలతో లెక్కలతో సహా. వాళ్ళ బావులు మూసినవాళ్ళు ఎప్పుడు మనసు మార్చుకున్నారో ఏ రిజిస్టరులోనూ నమోదు కాలేదు.

సాధన ప్రశ్న: 'తీర కోస్తాంధ్రలో 19వ శతాబ్దపు సామూహిక మతమార్పిడులను కరువు ఫలితంగా మాత్రమే చూడటం అసంపూర్ణం.' విమర్శనాత్మకంగా చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)